తొమ్మిదో అంతస్తులో సగం కాల్చిన సిగార్

ఫెసిలిటీస్ మేనేజర్ అంటే ఏం చేస్తారండీ అని కొత్తగా చేరిన పిల్లలు అడిగేవారు. మీరు రోజంతా కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీ సంగతి ఒక్కసారైనా తలుచుకోకుండా ఇంటికి వెళ్ళారంటే నా పని నేను చేసినట్టు, అని చెప్పేవాణ్ణి. నవ్వి వెళ్ళిపోయేవారు. అందులో జోకేమీ లేదు. ఇరవై రెండేళ్ళు సైబరాబాద్‌లో మూడు కంపెనీలు మారి అదే పని చేశాను. ఏసీ ఎక్కువైందని ఒకరు, అదే ఏసీ చాలడం లేదని పక్క సీటువారు ఒకే నిమిషంలో మెయిల్ పెట్టేవారు. టిష్యూ అయిపోయిందని డైరెక్టర్ స్థాయి మనుషులు బాత్రూమ్‌లోంచి ఫోన్ చేసేవారు. రిటైరై ఏడాది దాటింది. ఇప్పటికీ మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఆగితే ముందు నాకే కంగారు పుడుతుంది. మా ఆవిడ, ఆ లిఫ్ట్ మీది కాదండీ, కూర్చోండి, అంటుంది.

ఉద్యోగ జ్ఞాపకాలు అనగానే అందరూ నెగ్గుకొచ్చిన కథలే చెబుతారు. నా దగ్గరా అలాంటివి నాలుగైదు ఉన్నాయి, పెళ్ళిళ్ళలో చెబుతూ ఉంటాను. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఒక సిగార్ కథ ఇది. నా జీవితంలో మొదటి సిగార్, ఆఖరిదీ అదే. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మీరు చదివితే చాలు, అర్థం చేసుకోకపోయినా పరవాలేదు.

అప్పటికి నా రిటైర్మెంట్‌కి పద్నాలుగు నెలలుంది. రాయదుర్గంలో ఒక టవర్లో మా కంపెనీకి ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు అంతస్తులు ఉండేవి. తొమ్మిదో అంతస్తు చివర మొక్కల కుండీలు పెట్టిన ఖాళీ టెర్రస్. అక్కడ పొగతాగరాదు అన్న బోర్డు ఉంటుంది. ఆ బోర్డు రాయించి, మేకులు కొట్టించి, అది వంకరగా ఉందని మళ్ళీ తీయించి సరిగా పెట్టించింది నేనే.

మా డెలివరీ హెడ్, అంటే ప్రాజెక్టులన్నీ చూసే పెద్ద, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. విజయవాడ వైపు మనిషి. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. మంచివాడే, కానీ నలుగురిలో తను తక్కువగా కనబడతానేమోనన్న భయం అతన్ని నిలవనిచ్చేది కాదు. ఏడాదిన్నరగా నడిచిన పెద్ద ప్రాజెక్టు ముగింపుకొచ్చింది. అవతలి కంపెనీ పెద్దమనిషి విదేశం నుంచి స్వయంగా వస్తున్నాడు. ఆయనకు సిగార్లంటే ప్రాణమని ఎవరో మావాడి చెవిన వేశారు. ఆ మధ్యాహ్నం నన్ను క్యాబిన్‌లోకి పిలిచి తలుపు వేశాడు.

“మాస్టారూ, నేను సిగరెట్ కూడా సరిగ్గా కాల్చినవాణ్ణి కాదు. రేపాయన ముందు దగ్గితే పరువు పోతుందండి. మీరే మంచివి చూసి తేవాలి. ఇవాళ సాయంత్రం మనిద్దరం ఒకసారి కాల్చి చూద్దాం,” అన్నాడు.

ఫెసిలిటీస్‌వాడి నోట రాకూడనిది ఒక్కటే, ‘కాదు’ అనే మాట. సరేనన్నాను. కాకపోతే నాకూ సిగార్ గురించి తెలిసింది సున్నా. మా నాన్న చుట్ట కాల్చేవాడు. లంక పొగాకు తెచ్చుకుని, ఆకు తడిపి, ఈనె తీసి, తనే చుట్టుకునేవాడు. నేను చదువుకుని ప్యాంటు వేసిన దగ్గర్నుంచి ఆ వాసన నాకు నామోషీ. కాలేజీ స్నేహితుల్ని ఇంటికి తీసుకెళ్ళాల్సివస్తే ఆయన్ని ముందే బయటికి పంపేవాణ్ణి. సిగార్ అనేది అదే చుట్టకి సూటు తొడిగినదని ఆ రోజు దుకాణంలో అడుగుపెట్టేదాకా నాకు తట్టలేదు.

దుకాణం మాదాపూర్‌లో ఒక మాల్ పై అంతస్తులో ఉంది. అద్దాల గది, లోపల చల్లటి తడిగాలి, చెక్క అరలు. నడిపేది డెబ్బై దగ్గర పడుతున్న పెద్దాయన, పాతబస్తీ మనిషి, తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా. నేను తెలిసినవాడిలా మొహం పెట్టి, బొటనవేలంత లావున్నది ఒకటి తీసి, ఇలాంటివి ఆరు ఇవ్వండి అన్నాను. ఆయన దాన్ని నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని మళ్ళీ అరలో పెట్టేశాడు.

“మీది పహలీ బార్ కదా సాబ్. పెద్దది చూసి ఖుష్ కావొద్దు. మొదటిసారికి చిన్నది, హల్కాగ, ఘాటు తక్కువ ఉండేది తీస్కోవాలె. అది మీకు నచ్చితె పెద్దది దానంతటదే వస్తది,” అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎంతోకాలానికి ఎవరో నాకు ఒక సంగతి ఓపిగ్గా నేర్పుతున్నారనిపించింది. ఆయన ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించాడు. పైఆకు రంగు చూసి ఘాటు ఎంతో తేల్చేయకూడదట. నల్లగా ఉన్నవన్నీ ఘాటు కాదట. రెండు వేళ్ళ మధ్య పెట్టి పైనుంచి కిందిదాకా నెమ్మదిగా నొక్కాలట, ఎక్కడా గట్టిగా రాయిలా తగలకూడదు, ఎక్కడా గుల్లగా ఉండకూడదు. నొక్కితే కొంచెం లొంగి మళ్ళీ లేవాలి. ఆకు ఎండి గలగలమంటే వద్దు. ఆయన చెప్తుంటే నా చెయ్యి దానంతటదే సిగార్‌ని చెవి దగ్గరకు తీసుకెళ్ళి వేళ్ళతో మెల్లగా ఒత్తింది. మా నాన్న చుట్టను అలాగే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. నలభై ఏళ్ళ తర్వాత ఆ పని నా చెయ్యి చేసింది. పెద్దాయన చూసి, మీ ఇంట్ల ఎవరో తాగేటోళ్ళు ఉన్నరు, అన్నాడు. అవునన్నాను.

జానెడు కన్నా పొట్టివి, లేత గోధుమరంగువి ఆరు ఎంచాను. కాల్చే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. మూతి దగ్గర టోపీలాంటి ఆకు ఉంటుంది, అంతవరకే కొయ్యాలి, కక్కుర్తి పడి ఎక్కువ కోస్తే చుట్టంతా విడిపోతుంది. మంట తగలనివ్వకుండా, మంట పైన పట్టుకుని తిప్పుతూ వెలిగించాలి. పొగ లోపలికి మింగకూడదు, నోట్లో ఉంచుకుని వదలాలి. నిమిషానికి ఒక్కసారి చాలు. తల తిరిగితే ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి. బూడిద మాటిమాటికీ దులపకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఆఖర్న చెప్పాడు.

“చాలనుకున్నప్పుడు సిగరెట్ లెక్క నలిపి పారేయొద్దు సాబ్. కంపు కొడ్తది, దాని మర్యాద తీసినట్టు, బేఇజ్జతి గూడ. గిన్నె అంచు మీద పడుకోబెట్టుండ్రి. దాని మానాన అది ఆరిపోతది.”

ఈ ఒక్క మాట నాకు బాగా నచ్చింది. వచ్చేటప్పుడు ఆటోలో రెండుమూడుసార్లు అనుకున్నాను కూడా.

ఇక ఆమె గురించి చెప్పాలి. మా తొమ్మిదో అంతస్తు హౌస్‌కీపింగ్ ఆమెది. ఏజెన్సీ తరఫున వచ్చే మనిషి, నారాయణపేట దిక్కు ఊరు, కాపురం హఫీజ్‌పేటలో. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. టెన్త్ దాకా చదివింది. మిగతావాళ్ళు చెక్‌లిస్టులో గీతలు గీస్తే ఈమె టైము రాసి సంతకం చేసేది. రోజూ పొద్దున ఏడింటికి స్టోర్‌రూమ్ ముందు అందర్నీ నిలబెట్టి నేను పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. అందులో రోజూ చెప్పే సూత్రం ఒకటుంది. టేబుళ్ళ మీద ఏది కనబడ్డా, ఎంత చెత్తలా ఉన్నా, ఎవరైనా మళ్ళీ వెతుక్కునేలా ఉంటే పారేయొద్దు, కాగితంలో చుట్టి స్టోర్‌లో వెతుకులాట అరలో పెట్టండి, మర్నాడు అడుగుదాం అని. ఒకసారి ఎవరో అమ్మాయి పళ్ళకు పెట్టుకునే క్లిప్పు టిష్యూలో చుట్టి పెట్టుకుంటే మావాళ్ళు చెత్తలో పారేశారు. ఆ గొడవకి నా తలప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచీ ఈ సూత్రం. మిగతావాళ్ళు వినీ విననట్టు ఉండేవారు. ఆమె మాత్రం పెన్ను మూతలు కూడా దాచేది. సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ అవుతుంటే ఆమె పేరు రాసి ఏజెన్సీకి పంపాల్సిన కాగితం తయారు చేసి నా డ్రాయర్లో పెట్టాను. ఆ సంగతి ఆమెకు కూడా చెప్పేశాను. ముందే చెప్పకూడదు, కానీ చెప్పాను. మర్నాటినుంచి పావుగంట ముందే వచ్చేది.

ఆ సాయంత్రం ఆరింటికి నేనూ డెలివరీ హెడ్డూ టెర్రస్ మీదికి వెళ్ళాం. పాంట్రీ నుంచి రెండు సాసర్లు, మంచినీళ్ళు, కాస్త బెల్లం ముక్కా తెచ్చుకున్నాను. నా బోర్డుకి వీపు పెట్టి కూర్చున్నాను, చూడలేక. పెద్దాయన చెప్పినవన్నీ మావాడికి చెప్పాను. వింటేనా. ఫోన్లో వీడియో చూశానండీ అంటూ మూతి అంగుళం కోసేశాడు. ఆకు విడిపోతుంటే వేళ్ళతో అదిమిపట్టి, గబగబా నాలుగు పీల్పులు పీల్చి, పొగంతా మింగాడు. అయిదు నిమిషాల్లో మొహం పాలిపోయింది. చెమటలు పట్టాయి. సిగార్‌ని సాసర్లో అడ్డదిడ్డంగా నలిపి పారేసి, రేపు నేను పట్టుకుని నిలబడతానంతే మాస్టారూ అని లిఫ్ట్ వైపు వెళ్ళిపోయాడు. బెల్లం ముక్క కూడా మర్చిపోయాడు.

నేను ఒక్కణ్ణే మిగిలాను. నిజం చెప్పాలంటే ఆ అరగంట నా ఉద్యోగ జీవితంలో నాకోసం నేను గడిపిన మొదటి అరగంట. మొదటి దమ్ము చేదుగా ఉంది, రెండోది మట్టివాసన, ఆ తర్వాత ఎక్కడో వేయించిన వేరుశెనక్కాయ లాంటి తియ్యదనం. నోట్లో పొగ నిలిపి వదులుతుంటే ఊపిరి దానంతటదే నిదానించింది. కింద రోడ్డు మీద బండ్లు నిలబడిపోయి ఉన్నాయి. మెట్రో స్టేషన్ వైపు జనం బారులు. వీళ్ళెవరికీ ఇప్పుడు నాతో పని లేదు కదా అనుకున్నాను. మా నాన్న సాయంత్రం పూట చుట్ట కాలుస్తూ ఎవరితోనూ మాట్లాడకుండా ఎందుకు కూర్చునేవాడో అర్థమైంది. ఆయన్ని బయటికి పంపిన రోజులు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. పొగవల్ల అనుకోండి, మీ ఇష్టం.

అప్పుడే ఆమె బకెట్ పట్టుకుని టెర్రస్ తుడవడానికి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళబోయి, నవ్వు ఆపుకోలేక, “సార్, మీరు గూడ తాగుతరా?” అంది.

ఈ ఒక్కటే అమ్మా, ఇదే మొదలు, ఇదే ఆఖరు అన్నాను. అది చుట్టనే కదా సార్ అంది. వాళ్ళ మామ కూడా కాలుస్తాడట, పొద్దున సగం, మాపటికి సగం, మిగిలింది కిటికీ గూట్లో దాచుకుంటాడట, ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తాడట. నేను నవ్వాను. మా నాన్న కూడా అంతే, సగం చుట్ట చూరులో దోపేవాడు, అది కనబడకపోతే మా అమ్మకి మూడిందే అని చెప్పాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఆ టవర్లో ఎనిమిదేళ్ళలో మా నాన్న గురించి నేను మాట్లాడింది ఆమె ఒక్కదానితోనే. ఆమె, మీరు కూసోండ్రి సార్, నేను మల్ల వస్త, అని వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆరో అంతస్తు నుంచి ఫోన్. మర్నాడు క్లయింట్ కూర్చునే కాన్ఫరెన్స్ గదిలో ఏసీ నీళ్ళు కారుతోంది. సిగార్ ఇంకా సగం ఉంది. పెద్దాయన చెప్పింది గుర్తొచ్చింది. నలపలేదు. సాసర్ అంచు మీద మర్యాదగా పడుకోబెట్టి కిందికి దిగాను.

ఏడుంబావుకి అలారం మోగింది. తొమ్మిదో అంతస్తు స్టోర్‌రూమ్‌లో పొగ. టవర్ మొత్తం ఖాళీ చేయించారు. ఇరవై అంతస్తుల మనుషులు లాప్‌టాప్‌లు గుండెలకు హత్తుకుని మెట్లు దిగారు. గర్భిణి ఒకామెను ఇద్దరు పట్టుకుని దింపుతుంటే చూశాను. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. టిష్యూ డబ్బాలు, మాప్‌లు, ఒక చెక్క అర కాలిపోయాయి. గోడ నల్లబడింది. గంటన్నరలో అందరూ మళ్ళీ సీట్లలోకి వెళ్ళారు. కాలింది వెతుకులాట అర. అది చూడగానే నాకు తెలిసిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విచారణ. టవర్ యాజమాన్యం తరఫు ఫైర్ ఆఫీసర్, ఏజెన్సీ సూపర్‌వైజర్, నేను. ఆమెను లోపలికి పిలవకముందే డెలివరీ హెడ్ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. రాత్రి నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి.

“మాస్టారూ, మీరు చెబితే నేనూ అక్కడున్నానని బయటపడుతుందండి. పదకొండింటికి క్లయింట్. ఆమె కాంట్రాక్ట్ మనిషేగా, ఏజెన్సీవాళ్ళు వారంలో ఇంకో టవర్లో వేస్తారు. మీకు చూస్తే పద్నాలుగు నెలలే ఉంది,” అన్నాడు.

ఆమెను ఇంకే టవర్లోనూ వెయ్యరని నాకు తెలుసు. నిప్పు, దొంగతనం, ఈ రెండిటి మీద తీసేసినవాళ్ళకి ఆ ఏరియాలో మళ్ళీ గేట్ పాస్ ఇవ్వరు. ఆ పద్ధతి పెట్టినవాళ్ళ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. గట్టిగా సమర్థించాను కూడా. అయినా ఆ క్షణాన అతని మాట నమ్మాలనిపించింది, నమ్మాను.

ఆమె వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరం అనలేదు. అరలో ఏం పెట్టావని ఫైర్ ఆఫీసర్ అడిగాడు. టెర్రస్ మీద సాసర్లో సగం చుట్ట కనబడిందని, నిప్పు కనబడలేదని, పైనంతా బూడిదే ఉందని, ఎవరైనా మల్ల అడుగుతరేమోనని టిష్యూలో చుట్టి అరలో పెట్టానని చెప్పింది. ఇంకొక సాసర్లో నలిపేసింది ఉంటే దాన్ని మాత్రం నీళ్ళు పోసి చెత్తలో వేసిందట. నలిపింది పారేసినట్టు, నలపనిది దాచుకున్నట్టు. ఆమె లెక్క సరిగ్గానే ఉంది. ఆ సిగార్ల గురించి తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. బూడిద కింద నిప్పు చాలాసేపు ఉంటుందని నాకు పెద్దాయన చెప్పలేదు, కానీ మా నాన్న చుట్ట పక్కన పెరిగినవాణ్ణి, నాకు తెలియదా.

“ఎవరిదది?” అన్నాడు ఫైర్ ఆఫీసర్.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోను.

“తెల్వదు సార్,” అంది.

నాకు నోరు ఉంది, గొంతు ఉంది, కావలసినంత సమయం ఉంది. ఫైర్ ఆఫీసర్ కాగితం నా ముందుకు జరిపాడు. హౌస్‌కీపింగ్ సిబ్బంది నిర్లక్ష్యం వల్ల, అని ఉంది. సిగార్ ఎవరిదన్న చోట గుర్తు తెలియని వ్యక్తి అని రాసి ఉంది. ఆమె నా ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. నేను సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను. సూపర్‌వైజర్ ఆమె ఐడీ కార్డు కోసం చెయ్యి చాపాడు. ఆమె తలవంచి కార్డు తాడు తనే తీసి ఇచ్చింది, జుట్టుకి చిక్కుకోకుండా.

పదకొండింటికి క్లయింట్ వచ్చాడు. పూలగుత్తి ఇచ్చాం, బొట్టు పెట్టాం. భోజనాలయ్యాక మావాడు సిగార్ పెట్టె తెరిచాడు. ఆయన చాలా సంతోషించి, డాక్టర్ మాన్పించి ఏడాదైంది, మీరు కానివ్వండి, అన్నాడు. ఎవరం కానివ్వలేదు. మిగిలిన నాలుగూ మావాడి డ్రాయర్లోకి వెళ్ళాయి.

ఆ తర్వాతి పద్నాలుగు నెలలూ నేను రోజూ ఏడింటికి స్టోర్‌రూమ్ ముందు మాట్లాడాను. గోడకు కొత్త రంగు వేయించాను. సూత్రం మార్చాను. ఏది కనబడ్డా పారేయండి అన్నాను. అందరూ హాయిగా పాటించారు. సూపర్‌వైజర్ పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. ఆమె పేరు రాసిన కాగితం మాత్రం డ్రాయర్లో అలాగే ఉండిపోయింది, చించడానికి చెయ్యి రాలేదు. హఫీజ్‌పేట ఎంతో దూరం కాదు. రోజూ ఆ రోడ్డు మీదే ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఒక్కరోజు కూడా బండి తిప్పలేదు. వెళ్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తెలియక కాదు లెండి, మొహం చెల్లక.

నా రిటైర్మెంట్ రోజు శాలువా కప్పారు, కేక్ కోయించారు. డెలివరీ హెడ్ అప్పటికి ఇంకో మెట్టు ఎక్కాడు. నా గురించి రెండు మంచిమాటలు చెప్పి, నవ్వుతూ చిన్న చెక్కపెట్టె చేతిలో పెట్టాడు. మనిద్దరి మొదటి సిగార్ గుర్తుగా మాస్టారూ అన్నాడు. అతని మనసులో చెడు లేదు. అతనికి ఆ సాయంత్రం తల తిరగడం ఒక్కటే గుర్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. అవే నాలుగు. ఆకు ఎండిపోయి, చెవి దగ్గర పెడితే గలగలమన్నాయి.

ఆ వారమే కంపెనీకి ఉత్తరం రాశాను. సిగార్ నాదని, వెలిగించింది, ఆరకుండా వదిలింది నేనని, ఆమె నేను పెట్టిన నియమం ప్రకారమే దాచిందని, తెలిసీ తప్పు సంతకం పెట్టానని రాశాను. డెలివరీ హెడ్ ఊసు ఎత్తలేదు, అది అతను రాసుకోవాల్సిన ఉత్తరం. మూడో రోజుకి జవాబొచ్చింది. మీ అభిప్రాయాన్ని పంచుకున్నందుకు ధన్యవాదాలు, సదరు విషయం ముగిసినట్టుగా మా రికార్డుల్లో ఉంది, మీ విశ్రాంత జీవితం ఆనందంగా సాగాలని కోరుకుంటున్నాం అని. ఇరవై రెండేళ్ళు అలాంటి జవాబులు నేనే రాశాను కాబట్టి ఆశ్చర్యపోలేదు.

ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని హఫీజ్‌పేట వెళ్ళాను. ఆమె ఇల్లెక్కడో పాత సూపర్‌వైజర్ చెప్పాడు. రైల్వే స్టేషన్ వెనక వరసగా రేకుల గదులు. ఆదివారం మధ్యాహ్నం. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కొంచెం చిక్కింది. నన్ను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేసి, రాండ్రి సార్, అంది. టీ పెట్టింది. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో పొద్దునా సాయంత్రం చపాతీలు చేస్తోందట. కాళ్ళ వాపులు, నిలబడే పని కదా అంది. ఫిర్యాదులా కాదు, అడిగితే చెప్పింది. బయట అరుగు మీద వాళ్ళ మామ, ఎండిన ముసలాయన, చుట్ట కాలుస్తున్నాడు.

ఏం చెప్పాలో ఇంటిదగ్గర అనుకున్నవన్నీ మర్చిపోయాను. ఉత్తరం తీసి ఇచ్చాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, ఒక్కో వరస వేలు పెట్టి మొత్తం చదివింది. ఆఖర్న తేదీ దగ్గర వేలు ఆగింది.

“రిటైర్ అయినంక రాసిన్రు,” అంది.

అవునమ్మా అన్నాను.

“ఆ దినం నాకు మీరు జెప్తరని ఉండె సార్. నేను జెప్తె చాడి జెప్పినట్టైతది. మీరు జెప్తె మంచిగుంటది అనుకున్న. మీరు సంతకం పెట్టేదాంక ఎదురుజూసిన.”

కోప్పడి ఉంటే నాకు ఊరటగా ఉండేది. ఆమె ఉత్తరాన్ని మడతల ప్రకారం మళ్ళీ మడిచి నాకు ఇచ్చేసింది. ఉంచుకో అమ్మా, ఎక్కడైనా పనికొస్తుందేమో అన్నాను. ఏడ పనికొస్తది సార్ అంది. క్షమించమని అడిగాను. ఆమె, టీ చల్లారుతోంది తాగమంది.

ఈలోగా ముసలాయన చుట్ట చాలనుకున్నట్టున్నాడు. కొనను అరుగు రాతికి రెండుసార్లు రుద్ది, సగం మిగిలింది పక్కన పెట్టుకుని కాళ్ళు చాపాడు. ఆమె చటుక్కున లేచి వెళ్ళింది. ఆ సగం చుట్టను తీసి, నీళ్ళ బకెట్లో ముంచి, వేళ్ళతో పిండి, ఆకు ఆకు విడిపోయేదాకా నలిపి మోరీ కాలవలో పారేసింది. చేతులు కడుక్కుంది. ఇదే మొదటిసారి కాదని ఆ పని తీరులోనే తెలుస్తోంది.

“సగం ఉండె కదనే, మాపటికి గావాలె,” అన్నాడు ముసలాయన.

“మనింట్ల దాచుడు లేదు మామా, ఎన్ని సార్లు జెప్పాలె,” అంది ఆమె.

ముసలాయన ఇక ఆమెతో లాభం లేదని నా వైపు తిరిగాడు. పెద్దమనిషిలా ఉన్నాను, కుర్చీలో కూర్చున్నాను, తన తరఫున ఒక్క మాట అంటానేమోనని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆ రోజు కూడా నేనేమీ చెప్పలేదు.